కోటా ఉన్నా ఆగని వేట: ఫ్లోరిడా నల్ల ఎలుగుబంట్లపై ఒక కేస్ స్టడీ

2015 అక్టోబరు 24, శనివారం నాడు ఫ్లోరిడా రాష్ట్రంలో నల్ల ఎలుగుబంట్ల వేట మొదలైంది. అక్కడ ఎలుగుల వేటను 1994లోనే పూర్తిగా నిలిపివేశారు కాబట్టి, ఒక తరం వేటగాళ్ళకు అదే తొలి అవకాశం. ఏడు రోజుల వరకూ సాగవచ్చని ప్రకటించిన ఆ వేట రెండో రోజుతోనే ముగిసిపోయింది. రాష్ట్రం మొత్తం మీద 320 ఎలుగులను చంపవచ్చని లక్ష్యం పెట్టుకోగా, 304 చనిపోయాయి. ఈ రెండు అంకెలను మాత్రమే పక్కపక్కన పెట్టి చూస్తే అంతా పద్ధతి ప్రకారమే జరిగిందనిపిస్తుంది. ఆ మాట చెప్పి వాదన ముగించేవారు ఇప్పటికీ ఉన్నారు.

మనుషులకూ ఎలుగులకూ మధ్య తగవులు తగ్గించే విషయంలో స్థానిక పాలక సంస్థలకు సలహాలివ్వడం నా వృత్తి. వేట నియంత్రణ గురించి ఎవరు అడిగినా నేను ముందుగా ఈ కేసునే వారి ముందు పెడతాను. వేటను అనుమతించాలా, నిషేధించాలా అన్న ప్రశ్న మీద జనం ఎంత తీవ్రంగా పోట్లాడుకుంటారో, ఆ నిబంధనను ఎలా రాశారన్న దాని మీద అంత తక్కువ శ్రద్ధ పెడతారు. నా అనుభవంలో ఎలుగుల ప్రాణాలు నిలిచేదీ పోయేదీ ఎక్కువగా ఆ రెండో ప్రశ్న దగ్గరే.

నేపథ్యం

ఫ్లోరిడా నల్ల ఎలుగు అమెరికా నల్ల ఎలుగుబంటిలో ఒక ఉపజాతి. 1970ల నాటికి రాష్ట్రంలో వాటి సంఖ్య కొన్ని వందలకు పడిపోయింది. 1974లో రాష్ట్ర ప్రభుత్వం దానిని ముప్పులో ఉన్న జంతువుల జాబితాలో చేర్చింది. ఆ తరువాతి దశాబ్దాల్లో సంఖ్య బాగా కోలుకుని, 2012లో దానిని ఆ జాబితా నుంచి తొలగించారు. అదే సమయంలో ఫ్లోరిడా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ కమిషన్ ఒక నిర్వహణ ప్రణాళికను ఆమోదించి, రాష్ట్రాన్ని ఏడు ఎలుగు నిర్వహణ యూనిట్లుగా విభజించింది. ఎలుగులు రాష్ట్రమంతటా ఒకే గుంపుగా లేవు. రోడ్లు, నగరాలు, పొలాలు వాటిని వేర్వేరు ముక్కలుగా విడగొట్టాయి. అందుచేత ఏ యూనిట్ లెక్క ఆ యూనిట్‌దే. ఒక చోట ఎక్కువ చనిపోయి మరో చోట తక్కువ చనిపోతే, ఆ రెండింటినీ కూడి సగటు తీయడానికి జీవశాస్త్రం ఒప్పుకోదు. 304 అనే మొత్తం అంకె మనల్ని పక్కదారి పట్టించేది ఇందుకే.

వేటను ప్రతిపాదించిన నాటికి అప్పటికే కొన్ని దాడులు జరిగి ఉన్నాయి. 2013 డిసెంబరులోనూ 2014 ఏప్రిల్‌లోనూ సెమినోల్ కౌంటీలో ఇళ్ళ దగ్గరే ఇద్దరు మహిళలను ఎలుగులు తీవ్రంగా గాయపరిచాయి. కమిషన్ అధికారికంగా చెప్పింది మాత్రం వేట ఉద్దేశం ఎలుగుల సంఖ్యను స్థిరంగా ఉంచడమేనని, నివాస ప్రాంతాల సమస్యకు చెత్త నిర్వహణే మార్గమని. ఆ తేడా కాగితం మీద స్పష్టంగానే ఉంది. బహిరంగ విచారణల్లో మాట్లాడినవారిలో చాలామందికి, టీవీలో చూసినవారికి దాదాపుగా అందరికీ, రెండూ ఒకటే అన్నట్టు వినిపించింది.

నిబంధన ఎలా రాశారు

లెక్క కట్టిన పద్ధతి సూత్రప్రాయంగా తప్పు కాదు. ఒక యూనిట్‌లో ఉన్న ఎలుగుల్లో ఏటా దాదాపు 20 శాతం వరకూ అన్ని కారణాలతో కలిపి చనిపోయినా సంఖ్య తగ్గదని అంచనా వేసుకుని, అందులోంచి వాహనాల కింద పడి, ఇతర తెలిసిన కారణాలతో చనిపోయేవాటిని తీసివేసి, మిగిలినదాన్ని వేటకు కోటాగా నిర్ణయించారు. ఏడు యూనిట్లలో నాలుగింటిలోనే వేటకు అనుమతి ఇచ్చారు. కుక్కలతో తరమడం, ఎర పెట్టిన చోట కాల్చడం నిషేధం. పిల్లలు వెంట ఉన్న తల్లిని కాల్చకూడదు. వంద పౌండ్ల కంటే తక్కువ బరువున్నదాన్ని కాల్చకూడదు. ఒక వేటగాడికి ఒకటే ఎలుగు. చదవడానికి ఇవన్నీ మానవీయమైన నిబంధనలే.

లోపం మరో చోట ఉంది. పర్మిట్ల సంఖ్యకు హద్దు పెట్టలేదు. రాష్ట్రవాసులైతే 100 డాలర్లు, బయటివారైతే 300 డాలర్లు కట్టి, గడువులోపు అడిగిన ప్రతివారూ పర్మిట్ కొనుక్కోవచ్చు. 3,700 మందికి పైగా కొన్నారు. అంటే కోటాలోని ఒక్కో ఎలుగుకు పదకొండు మందికి పైగా వేటగాళ్ళు. చంపిన ఎలుగును చెక్ స్టేషన్‌కు, అంటే దాన్ని పరీక్షించి లెక్కలో నమోదు చేసే కేంద్రానికి, తీసుకురావడానికి పన్నెండు గంటల గడువు ఇచ్చారు. ఈ రెండింటినీ కలిపి ఆలోచిస్తే ఏం జరుగుతుందో ముందే ఊహించవచ్చు. తొలిరోజు ఉదయం అందరూ ఒకేసారి అడవిలో ఉంటారు. మధ్యాహ్నానికి కోటా నిండిపోయినా ఆ సంగతి కమిషన్‌కు చేరేసరికి చీకటి పడుతుంది. అప్పటిదాకా ఏ వేటగాడూ ఏ నిబంధననూ అతిక్రమించకుండానే కోటా దాటిపోతుంది.

జరిగింది కూడా అదే. ఈస్ట్ పాన్‌హ్యాండిల్ యూనిట్‌కు 40 కోటా పెడితే 114 చనిపోయాయి. సెంట్రల్ యూనిట్‌కు 100 పెడితే 143 చనిపోయాయి. ఈ రెండింటినీ తొలిరోజు ముగియగానే మూసేశారు. మిగిలిన రెండు యూనిట్లు, నార్త్, సౌత్, వాటిలో కలిపి 180 కోటా ఉండగా చనిపోయినవి 47. రాష్ట్రం మొత్తం లెక్క 320 లోపే ఉండటం ఈ రెండు వైపుల తప్పిదాలూ ఒకదాన్నొకటి కొట్టివేయడం వల్ల వచ్చిన ఫలితం తప్ప నియంత్రణ వల్ల వచ్చినది కాదు.

కమిషన్ వైపు వాదనను కూడా న్యాయంగా చెప్పాలి. ఈస్ట్ పాన్‌హ్యాండిల్ కోటాను 2002 నాటి పాత అంచనా ఆధారంగా పెట్టారు. కొత్త లెక్కింపు అప్పటికి పూర్తి కాలేదు. ముళ్ళతీగకు చిక్కిన వెంట్రుకల నుంచి డీఎన్‌ఏ తీసి చేసే ఆ లెక్కింపు ముగిశాక, ఆ యూనిట్‌లో వెయ్యికి పైగా ఎలుగులున్నాయని తేలింది. రాష్ట్రం మొత్తం అంచనా నాలుగు వేలు దాటింది. కాబట్టి 114 చనిపోవడం వల్ల ఆ యూనిట్ కుప్పకూలలేదు. ఇది నిజమే. కానీ కోటాకు దాదాపు మూడు రెట్లు చనిపోయాక, అడవిలో మనం అనుకున్నదానికంటే ఎక్కువ ఎలుగులున్నాయి కాబట్టి ఫరవాలేదనడం అదృష్టాన్ని విధానంగా చూపించడం. ఆ లెక్కింపు రెండో వైపు తేలి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. కొత్త లెక్క కొద్ది నెలల్లో వస్తుందని తెలిసి కూడా పాత లెక్క మీద వేట తెరవడాన్ని నేను ఈనాటికీ సమర్థించలేను.

ఆడ ఎలుగుల సంగతి

చనిపోయినవాటిలో సగానికి పైగా ఆడవి. వాటిలో మూడు డజన్లకు పైగా పాలిస్తున్న తల్లులు. పిల్లలు వెంట ఉన్న తల్లిని కాల్చకూడదన్న నిబంధన ఉండగానే ఇది ఎలా జరిగిందంటే, తల్లి ఎలుగు ఆహారానికి వెళ్ళేటప్పుడు పిల్లలను చెట్టెక్కించి వదిలి వెళ్ళడం మామూలు. వేటగాడి కంటికి కనిపించేది ఒంటరి ఎలుగు. పైగా దట్టమైన పొదల్లో, తెల్లవారుజాము వెలుతురులో, ఆడదా మగదా అన్నది దూరం నుంచి గుర్తించడం అనుభవం ఉన్నవారికే కష్టం. చెక్ స్టేషన్‌లో బల్ల మీద పడుకోబెట్టి పొత్తికడుపు వెంట్రుకలను రెండు పక్కలకూ తీసి, చనుమొనలను నొక్కి చూసినప్పుడు పాలు బయటికి వస్తే తప్ప అది తల్లి అని తేలదు. అంతకు ముందు ఆ సంగతి తెలుసుకునే మార్గం వేటగాడికి లేదు.

అక్టోబరు నాటికి పిల్లలకు తొమ్మిది నెలలు నిండుతాయి కాబట్టి తల్లి లేకపోయినా బతకగలవని కమిషన్ సమాధానం చెప్పింది. చాలావరకు అది నిజమే కావచ్చు. అయితే మామూలుగా పిల్లలు ఏడాదిన్నర వరకూ తల్లి వెంటే ఉంటాయి. ఏ కాలంలో ఏ పండు ఎక్కడ పండుతుందో, ఏ రోడ్డును ఎక్కడ దాటాలో నేర్చుకునేది ఆ రెండో ఏడాదిలోనే. తల్లిని కోల్పోయిన పిల్ల బతికిందా లేదా అన్నది ఒక ప్రశ్న అయితే, బతికినది ఎవరి పెరటి చెత్తడబ్బా దగ్గర బతకడం నేర్చుకుంటుందన్నది మరొకటి.

ఎలుగుల సంతానోత్పత్తి చాలా నెమ్మది. ఆడది మూడు నాలుగేళ్ళకు గానీ మొదటిసారి ఈనదు. ఆ తరువాత సాధారణంగా రెండేళ్ళకొక కాన్పు. అందుచేత ఎన్ని చనిపోయాయన్నదాని కంటే వాటిలో ఈనే వయసు ఆడవి ఎన్ని అన్నదే భవిష్యత్తును నిర్ణయిస్తుంది. చెక్ స్టేషన్‌లో ప్రతి ఎలుగు నుంచీ ఒక చిన్న పన్ను తీస్తారు. దాన్ని పల్చని పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, చెట్టు మానులో వలయాల మాదిరిగా ఏడాదికొక గీత కనిపిస్తుంది. అలా వయసు తేలుతుంది. ఇంత విలువైన సమాచారం వేట ముగిశాకే చేతికి వస్తుంది కాబట్టి, ఆ సీజన్‌ను ఆపడానికి అది ఉపయోగపడదు.

నిబంధనలో ఒక చిన్న వాక్యం జంతువు ప్రవర్తననే ఎంతగా మార్చగలదో స్వీడన్‌లో చేసిన పరిశోధన చూపింది. అక్కడ పిల్లలున్న గోధుమ ఎలుగు తల్లిని కాల్చడం చట్టవిరుద్ధం. వేట ఒత్తిడి పెరిగిన కొద్దీ, పిల్లలను ఏడాదిన్నరకు వదిలేసే తల్లుల కంటే రెండున్నరేళ్ళ వరకూ వెంట ఉంచుకునే తల్లులే ఎక్కువగా బతికాయని 2018లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. పిల్ల పక్కన ఉన్నంత కాలం తల్లికి చట్టమే కవచం. అదే ప్రాంతంలో 1997లో వచ్చిన మరో అధ్యయనం, పెద్ద మగవాటిని చంపినప్పుడు వాటి స్థానంలోకి వచ్చిన కొత్త మగవి పిల్లలను చంపడం పెరుగుతుందని చూపింది. నల్ల ఎలుగులకు ఇవన్నీ యథాతథంగా వర్తిస్తాయని నేననను. కానీ వేటలో ఒక ఎలుగు చనిపోతే లెక్కలోంచి ఒకటే తగ్గుతుందనుకోవడం మాత్రం పొరపాటు.

తగవులు ఎందుకు తగ్గలేదు

వేట వల్ల నివాస ప్రాంతాల్లో తగవులు తగ్గుతాయన్న ఆశను ప్రయోగపూర్వకంగా పరీక్షించిన చోటు కెనడాలోని అంటారియో. అక్కడ 1999లో వసంతకాలపు ఎలుగు వేటను రద్దు చేసి, 2014లో కొన్ని ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా తిరిగి ప్రారంభించారు. వేట తెరిచిన ప్రాంతాలనూ తెరవని ప్రాంతాలనూ పోల్చి చూసిన పరిశోధకులకు, వేట వల్ల తగవులు తగ్గిన దాఖలా కనిపించలేదు. అడవిలో పళ్ళు కాయని సంవత్సరాల్లో ఫిర్యాదులు పెరిగాయి, కాసిన సంవత్సరాల్లో తగ్గాయి. ఇది వింతేమీ కాదు. వేటగాడు కాల్చేది అడవి లోపల తిరిగే ఎలుగును; ఫిర్యాదు వచ్చేది కాలనీలో చెత్తకు అలవాటు పడిన ఎలుగు మీద. ఆ రెండూ చాలాసార్లు ఒకటి కావు. కాలనీ మధ్యలో తుపాకీ పేల్చడానికి ఎలాగూ వీల్లేదు.

నేను పనిచేసిన కాలనీల్లో మొదట ఎదురయ్యే కోరిక ఎప్పుడూ ఒకటే: దాన్ని పట్టుకుని దూరంగా వదిలేయండి. బోను పెట్టి పట్టడం కష్టం కాదు. దూరంగా వదిలిన పెద్ద ఎలుగు తిరిగి వస్తుంది, లేదా దారిలో వాహనం కింద పడుతుంది, లేదా కొత్త చోట అదే పని చేస్తుంది. ఒకవేళ రాకపోయినా, చెత్త అక్కడే ఉన్నంత కాలం మరో ఎలుగు ఆ చోటికి వస్తుంది. ఈ మాటను సభలో ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మరు; ఒకే వీధిలో రెండో ఎలుగు కనిపించిన తరువాతే వింటారు.

కొలరాడోలోని డురాంగోలో జరిగిన అధ్యయనం ఈ విషయంలో నాకు తెలిసినవాటిలో గట్టిది. కొన్ని ప్రాంతాల్లో ఎలుగులు తెరవలేని చెత్తడబ్బాలు వెయ్యికి పైగా ఉచితంగా ఇచ్చి, ఇవ్వని ప్రాంతాలతో పోల్చితే, ఇచ్చినచోట చెత్త సంబంధమైన ఘటనలు 60 శాతం తక్కువగా నమోదయ్యాయి. అందులో నేను అందరికీ చెప్పే భాగం వేరే ఉంది: డబ్బా ఇవ్వడం ఒక ఎత్తు, దానికి గొళ్ళెం వేయడం మరో ఎత్తు. చెత్త లారీ చేయి డబ్బాను తలకిందులు చేసినప్పుడు తనంతట తానే విడిపోయే గొళ్ళెం ఇందులో ఉంటుంది. నేల మీద నిలబెట్టి ఉన్నప్పుడు, చివరికి ఎలుగు పడదోసి మీద ఎక్కి తొక్కినా, అది ఊడదు. కానీ చెత్త నిండిపోయి మూత రెండు అంగుళాలు లేచి ఉంటే గొళ్ళెం అసలు పడదు. ఎలుగు ఆ సందులో గోళ్ళు దూర్చి ఒక్క లాగుతో తెరుస్తుంది. పాడైపోయిందని ఫిర్యాదు వచ్చిన డబ్బాలను వెళ్ళి చూస్తే, చాలావాటిలో లోపం ఏమీ ఉండదు. అది ఆ ఇంటికి సరిపోని చిన్న డబ్బా. పెద్దది ఇస్తే సమస్య తీరిపోతుంది. ఈ సంగతిని ఏ విధాన పత్రంలోనూ నేను చదవలేదు.

ఫ్లోరిడా కూడా ఈ దారిలో నడిచింది. వేట జరిగిన ఏడాది చివర్లోనే సెమినోల్ కౌంటీ, ఎలుగులు ఎక్కువగా తిరిగే పశ్చిమ భాగంలో చెత్తను భద్రపరచడం తప్పనిసరి చేస్తూ, లారీ వచ్చే ముందు రాత్రే డబ్బాను వీధిలో పెట్టడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు చేసింది. 2016లో రాష్ట్రం స్థానిక సంస్థలకు ఎలుగు నిరోధక పరికరాల కోసం 8,25,000 డాలర్లు ఇచ్చింది. వేట పర్మిట్ల మీద వచ్చిన సొమ్ములో కొంత కూడా ఇందులోకి చేరింది. ఎలుగుల ముఖ్య ఆహారమైన సా పామెట్టో కాయల కోతకు రాష్ట్ర అటవీ భూముల్లో పర్మిట్లు ఇవ్వడం 2015లోనే మానేశారు. నా దృష్టిలో ఈ మూడింటిలో చివరిదానికి రావలసినంత గుర్తింపు రాలేదు.

వేట ఆగినంత మాత్రాన ఎలుగు క్షేమమని కూడా అనుకోకూడదు. ఫ్లోరిడాలో నమోదయ్యే ఎలుగు మరణాల్లో అత్యధిక భాగం వాహనాల వల్లే. వెకీవా ప్రాంతంలో స్టేట్ రోడ్ 46 కింద 1994లో జంతువుల కోసం సొరంగ మార్గం కట్టారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలోనూ ఇదే పాఠం: 2017 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం గ్రిజ్లీ (ఉత్తర అమెరికా గోధుమ ఎలుగు) వేటను నిషేధించడానికి కొద్ది వారాల ముందే, ఆ రాష్ట్ర ఆడిటర్ జనరల్ నివేదిక గ్రిజ్లీలకు అసలు ముప్పు వేట కంటే ఆవాసం క్షీణించడమేనని చెప్పింది.

2025లో మారినది, మారనిది

2016లో నాలుగుకు మూడు ఓట్లతో కమిషన్ వేటను వద్దనుకుంది. 2017లో మరోసారి వాయిదా వేసింది. 2024లో, తనకో తన పెంపుడు జంతువుకో ఇంటికో ప్రమాదమని సహేతుకంగా నమ్మినవారు పర్మిట్ లేకుండానే ఎలుగును చంపవచ్చని, 24 గంటల్లో తెలియజేయాలని చట్టం వచ్చింది. 2025 మేలో కొలియర్ కౌంటీలో ఒక వృద్ధుడు ఎలుగు దాడిలో మరణించాడు. రాష్ట్రంలో నమోదైన తొలి ప్రాణాంతక దాడి అది. ఆగస్టులో కమిషన్ డిసెంబరు వేటకు ఆమోదం తెలిపింది.

ఈసారి పర్మిట్లు 172 మాత్రమే. లాటరీ ద్వారా ఇచ్చారు. ఒక పర్మిట్‌కు ఒకటే ఎలుగు, ఆ పర్మిట్ ఒక నిర్ణీత యూనిట్‌కే చెల్లుతుంది. వేటగాళ్ళ సంఖ్యే కోటాతో సమానం కాబట్టి, సమాచారం ఎంత ఆలస్యంగా చేరినా హద్దు దాటడం అసాధ్యం. పదేళ్ళ క్రితం ఇదొక్కటి చేసి ఉంటే ఈస్ట్ పాన్‌హ్యాండిల్‌లో 74 ఎలుగులు మిగిలేవి. ఈ పద్ధతిలో మరో విశేషముంది. లక్షన్నరకు పైగా వచ్చిన దరఖాస్తుల్లో వేటను వ్యతిరేకించేవారివి కూడా ఉన్నాయి. లాటరీలో పేరు వచ్చినవారు పర్మిట్ కొని ఇంట్లో పెట్టుకుంటే ఆ మేరకు ఒక తుపాకీ తగ్గినట్టే.

మరోవైపు, 2015లో నిషేధించిన పనులకు ఇప్పుడు తలుపులు తెరిచారు. ప్రైవేటు భూముల్లో మేత పెట్టిన చోటికి దగ్గరలో కాల్చవచ్చు. తరువాతి సీజన్లలో వేటకుక్కలకు కూడా అవకాశం ఉంచారు. మేత దగ్గరో, కుక్కలు చెట్టెక్కించినప్పుడో ఎలుగును తీరిగ్గా చూసి ఆడదా, పాలిస్తున్నదా అని తేల్చుకోవచ్చని దీన్ని సమర్థించేవారు అంటారు; ఆ వాదనలో కొంత నిజం ఉంది. కానీ కొలరాడో ఓటర్లు 1992లోనే ఎర, కుక్కలు, వసంతకాలపు వేట మూడింటినీ నిషేధించారు, ఆ తరువాత కూడా అక్కడ ఎలుగుల వేట సాగుతూనే ఉంది. కాబట్టి ఇవి లేనిదే వేట నిర్వహించలేమనడం నిలవదు. అన్నింటికీ మించి, ఎలుగులకు మేత పెట్టడం ఫ్లోరిడాలో చట్టవిరుద్ధం. కాలనీ సభలో పిట్టల గింజల డబ్బాను సైతం లోపల పెట్టుకోమని చెబుతూ, అడవి అంచున మొక్కజొన్న పోసి కాల్చడం ఎందుకు సబబో వివరించమని ఎవరైనా లేచి అడిగితే, నా దగ్గర సమాధానం లేదు.

విధానం రాసేవారు అడిగినప్పుడు నేను సూచించేవి కొన్నే. పర్మిట్లు కోటాను మించకూడదు. చివరి లెక్కింపు ఫలితం రాకుండా ఆ యూనిట్‌ను తెరవకూడదు. వయోమింగ్‌లో మాదిరిగా ఆడ ఎలుగులకు విడిగా హద్దు పెట్టి, అది నిండగానే ఆ ప్రాంతాన్ని మూసేయాలి. చంపిన ప్రతి ఎలుగు లింగం, వయసు, పాలిస్తున్నదా లేదా అన్న వివరాలు పంటి పరీక్ష ఫలితాలతో సహా తదుపరి సీజన్ నిర్ణయానికి ముందే ప్రజలకు అందుబాటులో ఉండాలి. ఇక పర్మిట్ సొమ్ములో చెత్తడబ్బాల వాటా ఎంతో ఆ ఏడాది దయ మీద వదిలేయకుండా, నిబంధనలోనే రాసి ఉంచాలి.